కార్బ్యురేటర్ తీసి ఇంజెక్షన్ పెడుతున్నాను, ఫ్యూయల్ లైన్ల విషయంలో మీ అనుభవాలు చెప్పండి

రెక్కలరాజు:
నాది సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల లో-వింగ్ విమానం (రెక్కలు కింది వైపు ఉండే రకం). 160 హార్స్‌పవర్ ఇంజిన్, కార్బ్యురేటర్, ఇంజిన్ మీద మెకానికల్ పంపు, దానికి తోడు ఒక ఎలక్ట్రిక్ బూస్ట్ పంపు. రెక్కకో ట్యాంకు, ఒక్కోటి 70 లీటర్లు. ఇన్నాళ్లూ బాగానే ఎగిరింది కానీ కార్బ్యురేటర్‌లో ఐస్ పడుతుందేమోనన్న టెన్షన్ ఒకటి, నాలుగు సిలిండర్లకీ మిక్స్చర్ సమానంగా అందకపోవడం ఒకటి, ఈ రెండిటితో విసిగి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌కి మారదామని నిర్ణయించుకున్నాను. ఇంజిన్ వైపు పని అర్థమైంది. సందేహాలన్నీ ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య మంట ఆపే గోడకి) ఇవతలే. ఇప్పుడున్న లైన్లలో ప్రెజర్ 5, 6 పీఎస్‌ఐ, కొత్తదానికి 40 పైన కావాలి, పైగా ఇంజిన్ వాడుకోగా మిగిలింది ట్యాంకుకి తిరిగి రావాలి. నాకు రిటర్న్ లైనే లేదు. కుడి రెక్క మళ్లీ విప్పడం ఇష్టం లేక రిటర్న్ మొత్తం ఎడమ ట్యాంకులోకే ఇద్దామనుకుంటున్నాను. ఎవరైనా అలా చేశారా? పంపులు ఎక్కడ పెట్టారు? ఏ ట్యాంకు నుంచి తీయాలో ఎంచుకునే పాత సెలెక్టర్ వాల్వు ఉంచుకోవచ్చా?

గాలివాటం:
రాజు గారూ, రిటర్న్ ఒకే ట్యాంకుకి అనే ఆలోచన ఇక్కడే వదిలేయండి. ఒకసారి లెక్క వేయండి. ఇంజెక్షన్ పంపు ఇంజిన్ ఎంత తాగితే అంతే పంపదు, ఎప్పుడూ దాదాపు ఒకే ధారగా తోడుతూనే ఉంటుంది. గంటకు 150 లీటర్లు తోడే పంపు అనుకుందాం. క్రూజ్‌లో ఇంజిన్ తాగేది 30. మిగతా 120 లీటర్లు వెనక్కి వస్తాయి, అంటే నిమిషానికి 2 లీటర్లు. మీరు కుడి ట్యాంకు మీద ఎగురుతుంటే నిండు ట్యాంకు అరగంట కూడా తిరక్కుండానే ఖాళీ అయిపోతుంది. ఎడమది అప్పటికే నిండి ఉంటే వచ్చిందంతా వెంట్ (ట్యాంకుకి గాలి ఆడే పైపు) గుండా బయట పారిపోతుంది.

ముందు ఎడమ ట్యాంకు మీద ఎగిరి, జాగా అయ్యాక కుడికి తిప్పుకుంటాం అనేవాళ్లున్నారు. రేడియోలో మాట్లాడుతూ, ఎదురుగా మేఘాలు చూసుకుంటూ, పక్కనున్నవాళ్లకి జవాబు చెబుతూ ఆ లెక్క ఎవరికి గుర్తుంటుంది? డ్యూప్లెక్స్ వాల్వు తీసుకోండి. ఒకే హ్యాండిల్‌తో ఏ ట్యాంకు నుంచి తీస్తే ఆ ట్యాంకుకే తిరిగి వెళ్తుంది. కొనేముందు ఒకటి చూడండి: హ్యాండిల్ ఎడమ నుంచి కుడికి తిరిగే మధ్యలో సప్లై తెరుచుకుని రిటర్న్ మూసుకుపోయే చోటు ఉండకూడదు. రిటర్న్ మూసుకుంటే ప్రెజర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కి వదలడానికి దారి ఉండదు, రైల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో) ప్రెజర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, మిక్స్చర్ రిచ్ అయిపోతుంది, అంటే పెట్రోలు ఎక్కువైపోతుంది. వాల్వుని బెంచి మీద పెట్టి, రిటర్న్ పోర్టులోకి నోటితో ఊదుతూ హ్యాండిల్ మెల్లగా తిప్పితే తెలిసిపోతుంది. కుడి రెక్క విప్పక తప్పదు, సారీ.

రివెట్‌రాణి:
+1. రిటర్న్ ట్యాంకులోకి ఎక్కడ దిగుతుందన్నది కూడా ముఖ్యం. పికప్ (ట్యాంకులోంచి పెట్రోలు పీల్చే గొట్టం నోరు) పక్కనే దింపితే వేడి పెట్రోలు, దాంతో వచ్చే బుడగలు నేరుగా మళ్లీ పంపులోకే పోతాయి. నేను ఒక బే (ట్యాంకులో రెండు రిబ్‌ల మధ్య గది) అవతల దింపాను, మధ్యలో ఉన్న రిబ్ ఆ అలజడిని ఆపుతుంది.

పంపుల సంగతి చెప్తాను, ఎందుకంటే నా విమానంలో ఎక్కువ తలనొప్పి అక్కడే. పంపు నెట్టడంలో గట్టిది, పీల్చడంలో కాదు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైన్లో ప్రెజర్ బయటి గాలి కంటే తక్కువ ఉంటుంది, ఎత్తుకి వెళ్లేకొద్దీ ఇంకా తగ్గుతుంది, అక్కడ పెట్రోలు వేడెక్కితే ఆవిరై బుడగ కడుతుంది. ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) ఆవిరి పీడనం 38 నుంచి 49 కిలోపాస్కల్స్ మధ్య ఉండాలని స్పెసిఫికేషన్. కార్లలో పోసే పెట్రోలుకి అంతకన్నా ఎక్కువ ఉంటుంది, చలికాలానికి తయారుచేసిన రకానికైతే మరీ ఎక్కువ, ఆ మిగిలిన పెట్రోలు ఎండాకాలం మొదట్లో ట్యాంకులో ఉంటే అదే అసలు గండం. అందుకని పంపులు ఫైర్‌వాల్‌కి ఇవతల, వీలైనంత కింద, ట్యాంకుకి దగ్గరగా, ఎగ్జాస్ట్ పైపు వేడి తగలని చోట. పీల్చే వైపు షార్ప్ ఎల్బోలు వద్దు, ట్యూబునే వంచుకోండి. సైజు ఏఎన్-6కి తగ్గకూడదు, అంటే 3/8 అంగుళం.

ఫిల్టర్ల దగ్గర చాలామంది తిరగేసి పెడతారు. పంపుకి ముందు ముతక ఫిల్టర్, 100 మైక్రాన్ల లాంటిది. సన్నటి 10 మైక్రాన్ల ఫిల్టర్ పంపు తర్వాత. సన్నటిది ముందు పెడితే అది కొంచెం పూడగానే పంపుకి ఊపిరి ఆడదు, చప్పుడు మారిపోతుంది, కాసేపటికి ప్రెజర్ ఊగుతుంది. మీ పాత గ్యాస్కొలేటర్‌ని (నీళ్లు, మడ్డి పట్టి ఆపే గిన్నెని) హై-ప్రెజర్ వైపు అస్సలు ఉంచకండి, అది ఆ ప్రెజర్ కోసం చేసింది కాదు.

ఇంకొకటి, పీల్చే వైపు లీకు ఉంటే కింద చుక్క పడదు, అది గాలిని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తడి లేదు గనక లీకు లేదనుకోవద్దు. రెండు చివర్లూ మూసి కాస్త గాలి పట్టించి ప్రతి నట్టు మీదా సబ్బు నీళ్లు రాయండి. నా దాంట్లో కొత్తగా వేసిన ఒక ఫ్లేర్ (గరాటులా వెడల్పు చేసిన ట్యూబు చివర) దగ్గర గుండుసూది మొనంత బుడగ, ఒకటి పగిలాక తీరిగ్గా ఇంకోటి. ట్యూబు విప్పి చూస్తే ఫ్లేర్ అంచున వెంట్రుకంత చీలిక. అది కొని తెచ్చిన రెడీమేడ్ లైను, అమ్మినవాళ్లు చెక్ చేసే పంపామన్నారు. అప్పటి నుంచి ఏ లైనైనా నేనే పరీక్షించుకుంటున్నాను. విమానాల ఫ్లేర్ 37 డిగ్రీలు, మామూలు ఆటోమొబైల్ టూల్‌తో వచ్చేది 45, ఆ రెండూ కలపకూడదని మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ట్యాంకులకి మాత్రం 1 పీఎస్‌ఐ దాటి గాలి పెట్టకండి, ఉబ్బిపోతాయి. ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు పోసి మట్టం చూసుకుంటే చాలు, 70 సెంటీమీటర్ల తేడా అంటే 1 పీఎస్‌ఐ.

పాతకాపు:
అందరూ ఇంజెక్షన్ వైపే లాగుతున్నారు, నా మాట కూడా వినండి. నాది హై-వింగ్, గ్రావిటీ మీద నడుస్తుంది. దాదాపు మీటరు ఎత్తు పెట్రోలు కాలమ్‌కి వచ్చేది సుమారు 1 పీఎస్‌ఐ, నాకు అది కూడా పూర్తిగా లేదు, అయినా కార్బ్యురేటర్‌కి సరిపోతుంది. కరెంటు మొత్తం పోయినా ఇంజిన్ ఆగదు. నేను మార్చింది గొట్టాలు, సెలెక్టర్, వెంట్లు మాత్రమే. వెంట్లని తక్కువగా చూడకండి, ఆ చిన్న పైపులో కందిరీగ మట్టి గూడు పెడితే ట్యాంకు నిండా పెట్రోలున్నా ఇంజిన్‌కి చేరదు. ప్రతి ట్యాంకుకీ విడి వెంట్, నోటికి సన్నని జాలీ, జాలీకి మంచు పట్టినా గాలి ఆడేలా లోపలి వైపు ఒక చిన్న రంధ్రం.

రెక్కలరాజు:
పాతకాపు గారూ, మీ మాట కాదనను, నాది లో-వింగ్ కాబట్టి ఎలాగూ పంపు లేకుండా కుదరదు. అదే నా తర్వాతి ప్రశ్న. మెకానికల్ పంపు పోయి రెండూ ఎలక్ట్రిక్ అవుతాయి. ఆల్టర్నేటర్ పోతే?

మేఘమాల:
రెండు పంపులు పెట్టి రెంటికీ ఒకే ఫ్యూజు, ఒకే గ్రౌండ్ ఇస్తే ఉన్నది ఒక్క పంపే అన్నా. గ్రౌండ్ ఎవరూ చూడరు. రెండు వైర్లూ ఒకే బోల్టు కింద బిగిస్తారు, ఆ బోల్టు వదులైతే రెండూ ఒకేసారి చస్తాయి. వేరు వేరు బస్సులు (కరెంటు పంచే పట్టీలు), వేరు గ్రౌండ్లు, వేరు స్విచ్చులు. ఒక్కో పంపుకి చెక్ వాల్వు కూడా కావాలి, లేదంటే నడిచే పంపు తోడింది ఆగి ఉన్న పంపు గుండా వెనక్కి తిరిగొస్తుంది.

బ్యాటరీ లెక్క: పంపు ఒకటి 5 ఆంపియర్లు, ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్), ఇంజెక్టర్లు, కాయిల్స్ కలిపి ఇంకో 6, 7 వేసుకోండి. మొత్తం 12. 16 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద గంటంపావు పైన ఇస్తుంది. అందులో సగమే నాది అనుకుని, ఆ 40 నిమిషాల్లో దిగగలిగే చోటు లేని దారిలో వెళ్లను. మీ పరికరాలు ఎంత లాగుతాయో క్లాంప్ మీటర్‌తో కొలవండి, క్యాటలాగ్ అంకె నమ్మకండి.

టెయిల్‌వీల్:
సెలెక్టర్ ఎక్కడ పెడుతున్నారో ఎవరూ అడగలేదు. డ్యూప్లెక్స్ వాల్వు పాతదాని కంటే పెద్దది, పాత చోట పట్టకపోతే దాన్ని ఇంకెక్కడికో జరపాలనిపిస్తుంది. దయచేసి ఆ పని తొందరపడి చేయకండి. 1997 అక్టోబర్ 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటెరే బే దగ్గర లాంగ్-ఈజీ అనే సొంతంగా కట్టుకునే రకం విమానం కూలి చనిపోయారు. ఆ విమానం కట్టింది ఆయన కాదు, కొనుక్కున్నారు. కట్టినవాళ్లు సెలెక్టర్‌ని డ్రాయింగ్‌లో ఉన్న చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చారు. దాన్ని తిప్పాలంటే చెయ్యి స్టిక్ మీద నుంచి తీసి, ఒళ్లంతా వెనక్కి మెలి తిప్పాలి, అలా తిరిగేటప్పుడు కాలు రడ్డర్ మీద పడుతుంది. హ్యాండిల్ మీద గుర్తులు లేవు, ఇంధనం చూసే గేజీల మీదా లేవు. ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ) వీటన్నిటినీ కారణాల్లో రాసింది.

బెల్టు పూర్తిగా బిగించుకుని, తల తిప్పకుండా, చేత్తో తడిమి హ్యాండిల్ ఎటుందో చెప్పగలగాలి. ఆఫ్ పొజిషన్‌కి పొరపాటున వెళ్లకుండా అడ్డు ఉండాలి. రేపు ఆ విమానం వేరేవాళ్ల చేతికి వెళ్తుంది, మీరు గుర్తుపెట్టుకున్నవి వాళ్లకి తెలియవు.

రివెట్‌రాణి:
ఈ పోస్టు పిన్ చేయాలి.

మేఘమాల:
ఇథనాల్ కలిసిన పెట్రోలు ఎప్పుడైనా పోస్తారా? పోసేటట్టయితే పాత రబ్బరు గొట్టాలన్నీ తీసేయండి, ట్యాంకు లోపల పాత రోజుల స్లాష్ సీలెంట్ పూసి ఉంటే అది పొరలుగా ఊడి పికప్ జాలీకి అడ్డం పడుతుంది. ఫైబర్‌గ్లాస్ ట్యాంకులైతే ఏ రెజిన్‌తో చేశారో తెలిసేదాకా వద్దే వద్దు. ఇథనాల్ ఉందో లేదో చూడాలంటే సన్నని గాజు గొట్టంలో కొంచెం నీళ్లు పోసి మట్టం గుర్తు పెట్టి, పైన పెట్రోలు పోసి కుదిపి వదిలేయండి. తేరుకున్నాక నీటి మట్టం పెరిగినట్టు కనిపిస్తే ఆల్కహాల్ కలిసినట్టే.

రెక్కలరాజు:
ఇవాళ రెక్క రూట్ ఫెయిరింగ్ (రెక్క మొదట్లో ఉండే కప్పు) విప్పాను, రెండు వైపులా రిటర్న్ వేస్తున్నాను, డ్యూప్లెక్స్ వాల్వు పాత చోటే పడుతుంది, కన్సోల్ కొంచెం వెడల్పు చేస్తే చాలు. ఎగరడానికి ముందు ఏం పరీక్ష చేశారు? పంపు ఆన్ చేస్తే ప్రెజర్ గేజీ నిలబడితే చాలదా?

గాలివాటం:
చాలదు. ప్రెజర్ ఉన్నంత మాత్రాన ఫ్లో ఉన్నట్టు కాదు. సర్టిఫైడ్ చిన్న విమానాలకి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో 2017 దాకా ఉన్న కొలత: పంపు వ్యవస్థ అయితే టేకాఫ్ వాడకానికి 125 శాతం, గ్రావిటీ అయితే 150 శాతం ఫ్లో రావాలి. మీ ఇంజిన్ ఫుల్ పవర్‌లో గంటకు 53 లీటర్ల దాకా తాగుతుంది, 125 శాతం అంటే 66, నిమిషానికి 1.1 లీటర్లు. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పంపు తోడిందంతా రెగ్యులేటర్ గుండా రిటర్న్‌లోకే వస్తుంది కాబట్టి, రిటర్న్ లైను విప్పి ఒక నిమిషం పాటు లోహపు డబ్బాలోకి పట్టి కొలవండి. అలా చేస్తే ఆ ఫ్లో మీ అసలు పని ప్రెజర్ మీద వచ్చినదే అవుతుంది.

కానీ విమానం నేల మీద బల్లపరుపుగా ఉండగా కాదు. ముక్కు పైకెత్తి, మీరు ఎక్కే నిటారు క్లైంబ్ కోణానికి ఇంకొంచెం కలిపి పెట్టి చేయాలి. ట్యాంకులో చాలా తక్కువ పెట్రోలుతో మొదలుపెట్టండి, ధార తెగిన చోట ట్యాంకులో మిగిలింది కొలిస్తే ఆ కోణంలో వాడుకోలేని ఇంధనం ఎంతో తెలుస్తుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే చేయండి, ఎందుకంటే 14 వోల్టుల దగ్గర కొట్టినంత ఫ్లో 12 దగ్గర రాదు, ఆల్టర్నేటర్ పోయిన రోజు మీకుండేది ఆ 12 వోల్టులే. రెండు పంపులూ, రెండు ట్యాంకులూ, విడివిడిగా అన్నీ. డబ్బాకీ విమానానికీ మధ్య నిప్పురవ్వ పుట్టకుండా బాండింగ్ వైరు, తలుపులు తీసి ఉండాలి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒక మనిషి. ఎన్‌టీఎస్‌బీ 2012లో సొంతంగా కట్టిన విమానాల మీద చేసిన అధ్యయనంలో ఇంధన వ్యవస్థ పరీక్ష చేసి, దాన్ని రాసిపెట్టాలని ప్రత్యేకంగా సిఫార్సు చేసింది. కొలిచిన అంకెలన్నీ లాగ్‌బుక్కులో రాయండి, వచ్చే ఏడాది ఫ్లో తగ్గిందో లేదో పోల్చుకోవడానికి ఉంటుంది.

టెయిల్‌వీల్:
ఫైర్‌వాల్ దాటే ఫిట్టింగులు స్టీలువే వేయండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఫైర్‌వాల్‌ని పరీక్షించే మంట దాదాపు 1,100. ఇంజిన్ వైపు గొట్టాలకి ఫైర్‌స్లీవ్ (మంట తట్టుకునే తొడుగు), రెండు చివర్లూ క్లాంపు వేసి సీల్ చేసి ఉండాలి, లేకపోతే నూనె పీల్చుకుని అదే వత్తిలా అంటుకుంటుంది.

రెక్కలరాజు:
చివరి సందేహం, ఫ్లో సెన్సర్ ఒకటి సరిపోతుందా?

రివెట్‌రాణి:
రిటర్న్ ఉన్నప్పుడు ఒకటి చాలదు. వెళ్లే దారిలో ఒకటి, తిరిగొచ్చే దారిలో ఒకటి పెట్టి తేడా చూడాలి. రెండు పెద్ద అంకెల తేడా కాబట్టి ఒక్కోదాంట్లో కొంచెం తప్పున్నా ఫలితంలో పెద్దదిగా కనిపిస్తుంది. మీ ఈసీయూ ఇంజెక్టర్లు తెరిచి ఉంచిన సమయాన్ని బట్టి వాడకం చెప్పగలిగితే అదే మేలు, నేను ఆ దారికే వెళ్లాను. ట్యాంకు నింపిన ప్రతిసారీ పట్టిన లీటర్లతో పోల్చి సరిచేస్తూ పోతే తేడా తగ్గిపోతుంది. అప్పటిదాకా డిప్‌స్టిక్. మొదటి గ్రౌండ్ రన్ అయ్యాక రెండు ఫిల్టర్లూ విప్పి తెల్లగుడ్డ మీద దులపండి, కొత్త ట్యూబులు కోసినప్పటి పొడి అప్పుడే బయటపడుతుంది, అది రావడం ఆగేదాకా గాల్లోకి లేవకండి.