అమ్మానాన్నలు చూపిన దారిలో నడిచిన పిల్లలకి సొంత ఐడెంటిటీ లేనట్టేనా?

తెనాలి లెక్చరర్:

ఇరవై రెండేళ్లుగా డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. పిల్లలకి కౌన్సెలింగ్ ఎలా చేయాలో ఈ మధ్య మాకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. అక్కడ విన్న ఒక సిద్ధాంతం మింగుడుపడక ఇక్కడ పెడుతున్నాను.

ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. టీనేజీలో ‘నేనెవర్ని’ అన్నది తేలాలి, అది తేలితేనే యౌవనంలో ఇంకో మనిషికి నిజంగా దగ్గర కాగలం, లేకపోతే ఒంటరితనమే అంటాడు. 1966లో జేమ్స్ మార్సియా అనే ఇంకో మనస్తత్వవేత్త దీన్ని కొలవడానికి రెండు ప్రశ్నలు తీసుకున్నాడు. రకరకాల దారులు వెతికి చూశావా? ఏదో ఒకదానికి కట్టుబడ్డావా? రెండూ లేకపోతే డిఫ్యూజన్. ఇంకా వెతుకుతూనే ఉంటే మారటోరియం. వెతికి తేల్చుకుంటే అచీవ్‌మెంట్. వెతక్కుండానే పెద్దలు చెప్పినదానికి కట్టుబడిపోతే ఫోర్‌క్లోజర్.

ఆ లెక్కన మా క్లాసులో ముప్పావు వంతు మంది ఫోర్‌క్లోజరే. ఎంపీసీయా, బైపీసీయా అన్నది పదో తరగతి ఫలితాలు రాకముందే ఇంట్లో ఖాయమైపోతుంది. శిక్షణ ఇచ్చినవారు దీన్నొక లోపంలా చెప్పారు. నా అభ్యంతరం అక్కడే. మా నాన్న టీచరు. నన్నూ టీచరు అవ్వమన్నారు, అయ్యాను. ఇన్నేళ్లలో ఒక్క రోజైనా ఇది నా పని కాదనిపించలేదు. నాకు ఐడెంటిటీ లేనట్టా?

సైకాలజీ పీజీ, విశాఖ:

నమస్తే సార్. ఫోర్‌క్లోజర్ అంటే ఐడెంటిటీ లేదని మార్సియా అనలేదు. ఉంది, కానీ దాన్ని వాళ్లు ఎప్పుడూ ప్రశ్నించి చూసుకోలేదు అన్నాడు. ఆయన మాట్లాడింది 86 మంది కాలేజీ కుర్రాళ్లతో, అందరూ అమెరికన్లే, ఒక్క అమ్మాయి కూడా లేదు. అది పెద్ద లోటే, ఒప్పుకుంటాను. అయినా ఆ పరిశోధనలో ఒక విషయం నన్ను వదలదు. ఆ కుర్రాళ్లకి కష్టమైన పనిచ్చి చూస్తే, ఫోర్‌క్లోజర్‌లో ఉన్నవాళ్లు అందనంత పెద్ద గురి పెట్టుకున్నారు. తప్పుతున్నా తగ్గించుకోలేదు.

మా పిన్ని కొడుకు నీట్‌కి మూడోసారి లాంగ్ టర్మ్‌లో ఉన్నాడు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు వాడి గది చూశాను. గోడ మీద క్యాలెండర్‌లో గడిచిన ప్రతి రోజూ ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. ‘ఈసారి కూడా రాకపోతే ఏం చేద్దామనుకుంటున్నావురా’ అని మెల్లగా అడిగాను. వాడికి కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ‘వేరేది అంటే ఏంటక్కా?’ అన్నాడు. ఆ ప్రశ్న వాడికి నిజంగానే అర్థం కాలేదు. సార్, మీకు దక్కిన దారి మీకు నచ్చింది. నచ్చనివాళ్ల సంగతేంటి?

బ్యాంకు ఉద్యోగి, కర్నూలు:

నాకు సైకాలజీ తెలియదు గానీ మీరు వాడిన మారటోరియం, ఫోర్‌క్లోజర్ అన్న రెండు మాటలూ నా బల్ల మీద రోజూ నలిగేవే. 2020లో రిజర్వ్ బ్యాంకు మారటోరియం ఇచ్చినప్పుడు కిస్తీలు ఆరు నెలలు ఆగాయి. వడ్డీ మాత్రం ఆగలేదు. ఆ సంగతి తర్వాత స్టేట్‌మెంట్ చూసుకున్నప్పుడు గానీ చాలామందికి తెలియలేదు. నా అనుమానం ఒక్కటే. ‘నన్ను నేను వెతుక్కుంటాను’ అని కుర్రాడు నాలుగేళ్లు తిరిగితే, ఆ నాలుగేళ్ల వడ్డీ ఎవరు కడతారు? మా దగ్గర ఎడ్యుకేషన్ లోన్ ఉన్న ఇళ్లలో అయితే కట్టేది ఆ తండ్రే.

సైకాలజీ పీజీ, విశాఖ:

మంచి పోలిక సార్. ఎరిక్‌సన్ కూడా ఆ మాటని వాయిదా అన్న అర్థంలోనే తీసుకున్నాడు. పెద్దవాళ్ల బాధ్యతలు మీద పడకుండా సమాజం కుర్రవాళ్లకి ఇచ్చే గడువు అది. ఆయన సొంత జీవితమే అందుకు ఉదాహరణ. స్కూలు చదువు అయ్యాక బొమ్మలు వేసుకుంటూ యూరప్‌లో ఏళ్ల తరబడి తిరిగాడు. 1927లో, పాతికేళ్ల వయసులో, వియన్నాలో పిల్లలకి పాఠాలు చెప్పడానికి వెళ్లి అక్కడ సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణలో తర్ఫీదు పొందాడు. యూనివర్సిటీ డిగ్రీ చివరిదాకా లేదు.

ఆటోనగర్, విజయవాడ:

ఆయనకి గడువు ఇచ్చినవాళ్లు ఉన్నారండీ. మాకు ఇచ్చేవాళ్లు లేరు. నాన్న పోయేటప్పటికి నాకు పదహారు. పదకొండో రోజు అయిన మర్నాడే మావయ్య లేత్ షాపులో చేరాను. మొదటి ఏడాదంతా ఇనుప రజను ఊడ్చడమే పని. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి, సొంతంగా రెండు మిషన్లు ఉన్నాయి. వెతికావా అంటే లేదు. ఎంచుకున్నావా అంటే లేదు. కానీ షాఫ్ట్ చేత్తో పట్టుకుంటే ఎక్కడ అరిగిందో నాకు తెలుస్తుంది, ఈ లైన్‌లో నా పేరు చెబితే తెలుసు. నన్ను మీ నాలుగు గడుల్లో ఎక్కడ పెడతారు? ఈ గడులన్నీ కాలేజీ మెట్లు ఎక్కినవాళ్ల కోసం గీసినట్టున్నాయి.

సైకాలజీ పీజీ, విశాఖ:

అన్నా, మీరన్నది పరిశోధకులు కూడా అన్నారు. జెఫ్రీ ఆర్నెట్ 2000లో 18 నుంచి 25 ఏళ్ల దాకా ఉన్న వయసుని వేరే దశగా చూడాలన్నాడు. అటు పిల్లలూ కాదు, ఇటు పెద్దలూ కాదు, ఉద్యోగాలు, ఇళ్లు, బంధాలు మారుతూ ఉండే కాలం అని. అది డబ్బున్న దేశాల్లో చదువుకునే పిల్లల కథే తప్ప మనిషి ఎదుగుదలలో దశ కాదని చాలామంది గట్టిగానే వాదించారు. మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో నా దగ్గర జవాబు లేదు.

హన్మకొండ నుంచి:

అందరు చదువు, కొలువుల గురించే మాట్లాడుతున్నరు. నాకు 20 ఏండ్లకు పెండ్లి చేసిన్రు. ముందు ‘నేనెవరు’ తేలాలె, తర్వాత జీవితంలకు ఇంకో మనిషి రావాలె అన్న ఎరిక్‌సన్ వరుస నా జీవితంల తలకిందులైంది. మొదలు భర్త, తర్వాత ఇద్దరు పిల్లలు, ఆ తర్వాత 34 ఏండ్లకు నేను.

చిన్నోడు బడికి పోవుడు మొదలైనంక ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీకి దరఖాస్తు తెచ్చుకున్న. ఫారం మా ఆయన నింపిండు. వృత్తి అన్నకాడ ‘గృహిణి’ అని రాసిండు. తప్పు రాయలేదు. అయినా ఆ రాత్రి పెన్ను పట్టుకొని ఆ గీత కాడ చానసేపు కూసున్న. కొట్టేసి ‘విద్యార్థి’ అని రాసిన. పొద్దుగాల చూసి ఆయన ఏమనలేదు, ఫారం మడతపెట్టి జేబుల పెట్టుకొని పోయి పోస్టు చేసిండు. ఐడెంటిటీ అంటే నాకు యాదికొచ్చేది గా గీతనే.

ఆడపిల్ల ఐడెంటిటీల కొంత జాగ రాబోయే మొగని కోసం ఖాళీగ ఉంటదన్నట్టు ఎరిక్‌సన్ రాసిండని చదివిన. మస్తు కోపమొచ్చింది. తర్వాత 1982ల క్యారల్ గిల్లిగన్ అనే సైకాలజిస్టు ఈ లెక్కలన్నీ మగపిల్లల ఎదుగుదల చూసి కట్టినవేనని, ఆడవాళ్లు బంధాలల్ల ఉంటూనే తమను తాము తెలుసుకుంటరని చెప్పిందని తెలిసి పానం నిమ్మళమైంది.

డల్లాస్ నుంచి:

లెక్చరర్ గారూ, మీ మొదటి పోస్ట్ చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండలేక రాస్తున్నాను. నాది మీ కథకి ఎదురు కథ. ఎంపీసీ, ఇంజినీరింగ్, ఎంఎస్, ఉద్యోగం. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తప్పలేదు. 29 ఏళ్లప్పుడు ఒక ఆదివారం బట్టలు మడతపెడుతుంటే ఒక్కసారిగా చేతులాడలేదు. ఇదంతా ఎవరు చేశారు అనిపించింది. నా రెజ్యూమె ఇంకెవరిదో అనిపించింది. ఆ తర్వాత ఏడాదిన్నర చాలా కష్టంగా గడిచింది. చివరికి ఉద్యోగం మానలేదు, కానీ సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో వడ్రంగం నేర్చుకుంటున్నాను.

ఒకసారి ఫోన్‌లో నాన్నని అడిగేశాను, నాకేం ఇష్టమో ఎప్పుడైనా అడిగావా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నన్నూ మా నాన్న అడగలేదురా. అడగాలని తెలియలేదు’ అన్నారు. ఆయన మీద కోపం ఆ మాటతో పోయింది. కానీ నష్టం పోలేదు సార్. అందుకే ఫోర్‌క్లోజర్‌ని మన సంస్కృతి అని సమర్థించుకుంటే నాకు బాధేస్తుంది.

సైకాలజీ పీజీ, విశాఖ:

ఎరిక్‌సన్‌కి మన దేశం తెలియదనుకోకండి. 1962లో మనిషి జీవిత దశల మీద సెమినార్‌కి అహ్మదాబాద్ వచ్చాడు. 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మెలో గాంధీ పాత్ర గురించి అక్కడే ఆసక్తి కలిగి, 1969లో గాంధీ మీద పుస్తకం తెచ్చాడు. అహ్మదాబాద్‌లోనే ఆయన్ని కలిసిన మన మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ తర్వాత హార్వర్డ్‌లో ఆయన దగ్గర పనిచేశాడు. మన దగ్గర ‘నేను’ అన్నది ఇంటితో, బంధువులతో అల్లుకుని ఉంటుందని 1978లో రాశాడు.

గాంధీ సంగతే చూడండి. ఆయనకి వైద్యం చదవాలని ఉండేది. వైష్ణవులం, శవాలు కోసే చదువు నాన్నకి ఇష్టం లేదని అన్న అడ్డుచెప్పాడు. కుటుంబ స్నేహితుడి సలహాతో బారిస్టరీకి లండన్ వెళ్లాడు. మార్సియా లెక్కలో పక్కా ఫోర్‌క్లోజర్. 1893లో, 23 ఏళ్లప్పుడు, దక్షిణాఫ్రికాలో ఫస్ట్ క్లాస్ టికెట్ ఉండి కూడా రైల్లోంచి గెంటేస్తే, ఆ రాత్రి చలిలో స్టేషన్‌లో కూర్చుని వెనక్కి వెళ్లిపోవాలా, ఉండి పోరాడాలా అని ఆలోచించాడు. ఇంట్లోవాళ్లు ఎంచిన వృత్తే, కానీ ఉండిపోవాలన్న నిర్ణయం ఆయనది. దారి ఎవరు చూపారన్న దానికన్నా, మధ్యలో ఆగి దాన్ని ప్రశ్నించే చోటు దొరికిందా అన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

బ్యాంకు ఉద్యోగి, కర్నూలు:

ఆ చోటుకి కూడా వడ్డీ ఉందమ్మా. ఆటోనగర్ తమ్ముడికి ఆ స్టేషన్‌లో కూర్చునే తీరికే దొరకలేదు.

ఆటోనగర్, విజయవాడ:

దొరకలేదు సార్, నిజమే. మా బాబుకి ఇప్పుడు ఆరేళ్లు. షాపుకొస్తే మిషన్ దగ్గరికి రానివ్వను. వాడికి నచ్చితే రానీ, కానీ అలవాటై రాకూడదు.

తెనాలి లెక్చరర్:

డల్లాస్ బాబూ, నీ పోస్ట్ చదివి నిన్న రాత్రి సరిగా నిద్రపట్టలేదు. నేను అడిగింది నా గురించి. నాకు నచ్చింది కాబట్టి సిద్ధాంతం తప్పనుకున్నాను. నన్ను లోపం ఉన్నవాడన్నందుకు రోషపడ్డాను గానీ, టీచరు కానంటే నాన్న ఏమనేవారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదు, అంతే.

మా అమ్మాయి పదో తరగతి. ఎంపీసీ అని ఆరు నెలల క్రితమే అనుకున్నాం. అనుకున్నాం అంటే నేను అన్నాను, తను తలూపింది. ఇవాళ పొద్దున సైకిల్ బయటికి తీస్తుంటే, ‘నీకు నిజంగా ఇష్టమేనా అమ్మా?’ అని అడిగాను. సైకిల్ స్టాండు వేసి నా వైపు తిరిగింది. ‘కాదంటే ఒప్పుకుంటావా నాన్నా?’ అంది.

ఒప్పుకుంటాను అన్నాను. ఆ మాట అనడానికి నాకు కాసేపు పట్టింది. అది తను గమనించింది. సాయంత్రం మాట్లాడదాం అని చెప్పి బడికి వెళ్లింది.