దుబాయ్ విమానం: పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదా?

ఓరుగల్లు వాసి:
మా బావమరిది టికెట్లు చూశాను. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కి దిగుతాడట. తిరుగు విమానం రాత్రి 10కి బయలుదేరి తెల్లవారుజామున 3కి చేరుతుందట. దూరం ఎటు చూసినా 2,550 కిలోమీటర్ల చిల్లర. ఇదేం లెక్క?

లెక్కల మాస్టారు:
దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. పోయేటప్పుడు కలపండి, వచ్చేటప్పుడు తీసేయండి. నాలుగు గంటలు, మూడున్నర గంటలు.

ఓరుగల్లు వాసి:
మరి ఆ అరగంట? భూమి తూర్పుకు తిరుగుతోంది. పడమరకు పోయే విమానానికి దుబాయే ఎదురు రావాలి. పోయేటప్పుడే తొందరగా చేరాలి.

కాజీపేట రైలుబండి:
ఎదురొస్తే విమానం ఎందుకండీ, వడ్డేపల్లి చెరువుకట్ట మీద నిలబడితే చాలు.

లెక్కల మాస్టారు:
భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులోని విమానమూ తిరుగుతుంది. అరగంట తేడా పైగాలులది. పది కిలోమీటర్ల ఎత్తున చలికాలంలో పడమటి గాలి జోరుగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి. వానాకాలంలో ఆ గాలి ఉత్తరానికి జరిగిపోతుంది, తేడా తగ్గుతుంది.

ఓరుగల్లు వాసి:
గాలి సరే, నేనడిగింది భూమి సంగతి.

జగిత్యాల ప్రవాసి:
అరగంట కోసం ఇంత రచ్చా? మా ఊరి నుంచి శంషాబాద్‌కు కారులోనే ఐదు గంటలు. విమానానికి మూడు గంటల ముందే అక్కడుండాలి. మా ఏజెంటు కూడా టికెట్టు చూపించి ‘రెండున్నర గంటలే’ అన్నాడు. కౌంటరు దగ్గర బరువు ఎక్కువైందంటే, టేపు చుట్టిన పచ్చడి డబ్బా అట్టపెట్టెలోంచి తీసి కారు డ్రైవరు చేతిలో పెట్టి వెళ్లాను. నా ప్రయాణం ఎన్ని గంటలో ఆ లెక్క చెప్పండి మాస్టారూ.

ఓరుగల్లు వాసి:
అందుకే మా వరంగల్ పక్కన మామునూరులో విమానాశ్రయం కావాలంటున్నాం. నిజాం కాలంలోనే విమానాలు దిగిన నేల. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న ఒప్పందం ఇన్నాళ్లూ అడ్డుపడింది. 2025లో కేంద్రం అనుమతి కూడా ఇచ్చింది.

జగిత్యాల ప్రవాసి:
అది హన్మకొండ వాళ్లకు. మేము కరీంనగర్, హుజూరాబాద్ దాటి రావాలి. చిన్న ఏటీఆర్ విమానం దిగితే అది దుబాయ్ దాకా పోదు, మళ్లీ మరోచోట మారాల్సిందే. మా వైపు పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో పాత రన్‌వే ఉంది, దాని ఊసెత్తరేం?

ఓరుగల్లు వాసి:
ఓర్వలేనితనం కాకపోతే ఏమిటిది? ఒక ఊరికి వస్తుంటే మరో ఊరు అడ్డం.

జగిత్యాల ప్రవాసి:
ఓర్వలేనితనమా? గల్ఫ్‌కు పోయేది మా జిల్లాల వాళ్లు. అక్కడ ప్రాణం పోతే పెట్టె దిగేది శంషాబాద్‌లో. అంబులెన్సు వెనక ఐదు గంటలు కూర్చుని వచ్చాను నేను. మీకు విమానాశ్రయం ఊరి గొప్ప, మాకు అవసరం. ఆ తేడా ఒప్పుకోండి చాలు.

కాజీపేట రైలుబండి:
గొప్ప కోసమే అడిగేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, అబద్ధమెందుకు?

ఓరుగల్లు వాసి:
బసంత్‌నగర్ అడగండి, నేనూ సంతకం పెడతాను. మామునూరు వద్దని మాత్రం అనకండి.

జగిత్యాల ప్రవాసి:
వద్దని ఎక్కడన్నాను? పైకి వెళ్లి మళ్లీ చదవండి.