పలుగురాయిలో పసుపు మెరుపు, పైగా బరువు: బంగారమో కాదో ఇంట్లోనే తేలుతుందా, ల్యాబ్‌కు పంపాలా?

సీమబిడ్డ:
మాది తుగ్గలి వైపు. తొలకరి పడగానే మా చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం జనం దిగడం అందరికీ తెలిసిందే. మొన్న దుక్కిలో మాకు దొరికింది వజ్రం కాదు, పిడికిలికన్నా కాస్త చిన్న రాయి. తెల్లని పలుగురాయి, ఒక ముఖం మీద సగానికి పైగా పసుపుపచ్చని మెరుపు. కాటా మీద 840 గ్రాములు తూగింది. అంత రాయికి అది చాలా ఎక్కువ బరువు. వజ్రాలు కొనే దళారి ఒకాయన చూసి, "ఎవరికీ చూపించకండి, 20 వేలు ఇస్తాను" అన్నాడు. జొన్నగిరి బంగారు గని మాకు దగ్గరే. బంగారం కాకపోతే దళారి 20 వేలు ఎందుకు ఇస్తానంటాడని మా నాన్న వాదన. నాకు నమ్మకం కుదరడం లేదు. తేల్చుకునే దారి చెప్పండి.

గూడూరు అభ్రకం:
కాకిబంగారం అయి ఉంటుంది. గోటితో గీకి చూడండి. రేకులు లేస్తే అభ్రకమే, ఇంక చర్చ అనవసరం.

పలుగురాయి:
అభ్రకం సాంద్రత 3 చుట్టుపక్కలే ఉంటుంది, మామూలు రాయికి పెద్ద తేడా లేదు. ఆయన బరువుగా ఉందని మొత్తుకుంటున్నారు కదా.

ఒరగల్లు:
తరతరాలుగా మాది కంసాలి పని. ఇంత ఆలోచన ఎందుకండీ? ఆ మెరిసే చోటును గీటురాయి మీద రుద్దండి. పసుపు గీత పడితే దాని మీద ద్రావకం చుక్క వేయండి. గీత చెదరకపోతే బంగారం, కరిగిపోతే కాదు. ఈ మాత్రం దానికి ల్యాబులూ ఫీజులూ దేనికి?

లెక్కల మాస్టారు:
ద్రావకం అంటే నత్రికామ్లం. వాడకం తెలియని వారికి అది చెప్పకండి, చేతులు కాలుతాయి. దానికంటే ముందు నీళ్లతో అయ్యే పని ఉంది. డిజిటల్ కాటా మీద నీళ్లున్న గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ రాయి ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. 840ని దానితో భాగించండి. బంగారానికి 19.3 రావాలి.

సీమబిడ్డ:
చేశాను. కాటా 200 చూపించింది. అంటే 4.2.

గూడూరు అభ్రకం:
19.3 ఎక్కడ, 4.2 ఎక్కడ! బంగారం కాదు. అయిపోయింది.

పలుగురాయి:
అలా అయిపోదండీ. ఇక్కడే చాలామంది బోర్లాపడతారు. అది ఒకే పదార్థం కాదు, పలుగురాయిలో మరొకటి కలిసి ఉంది. పలుగురాయి సాంద్రత 2.65. దానిలో పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, సాంద్రత సుమారు 5) మూడింట రెండు వంతులు ఉన్నా మొత్తం మీద 4.2 వస్తుంది. పైరైటు లేకుండా బంగారం తొమ్మిది శాతం ఉన్నా అదే 4.2 వస్తుంది. రెండోదే నిజమైతే ఆ రాయిలో దాదాపు 360 గ్రాముల బంగారం ఉన్నట్టు! ఒకే అంకె, రెండు జవాబులు.

అయితే సీమబిడ్డ గారు మొదటి పోస్టులోనే అసలు సంగతి చెప్పారు: పసుపు సగానికి పైగా పరుచుకుని ఉంది. అంత మేరా లోపల కూడా బంగారమే అయితే 200 ఘన సెంటీమీటర్ల రాయి రెండు కిలోలు దాటి తూగాలి. అది 840 దగ్గరే ఆగిపోయింది. కాబట్టి నా అంచనా పైరైటు. రాగి ఖనిజం చాల్కోపైరైటు కూడా కొంత కలిసి ఉండవచ్చు, మన మైలారంలో, అగ్నిగుండాలలో దొరికేది అదే. ఒట్టి బరువు మాత్రం సాక్ష్యం కాదు, బరువునూ మెరుపు పరుచుకున్న తీరునూ కలిపి చూడాలి.

ఒరగల్లు:
మెరుపు పైన పొరలా మాత్రమే ఉండి, లోపల ఉత్త పలుగురాయి ఉండవచ్చు కదా. అప్పుడు మీ లెక్క ఏమవుతుంది?

పలుగురాయి:
న్యాయమైన ప్రశ్న. లోపలంతా ఉత్త పలుగురాయే అయితే 4.2 రాదు, కానీ అనుమానం ఎందుకు, ఒక మూల సుత్తితో విరగ్గొట్టి చూడమనండి. విరిగిన చోట మూడు పనులు చేయండి. పసుపు గింజను గట్టి సూదితో నొక్కండి: బంగారమైతే సొట్ట పడుతుంది, పైరైటు అయితే పొడిపొడిగా రాలుతుంది. మెరుగు లేని టైలు వెనకవైపు గీయండి: బంగారం గీత పసుపే, పైరైటుదీ చాల్కోపైరైటుదీ ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. తరువాత చాకు మొనతో గీకండి: చాల్కోపైరైటు మీద గాటు పడుతుంది, పైరైటు మీద పడదు. అయస్కాంతం పెట్టి కాలయాపన చేయకండి. బంగారమూ అంటుకోదు, పైరైటూ అంటుకోదు. పొయ్యిలో మాత్రం అసలే వేయవద్దు. గంధకం పొగ ఒక ఎత్తు, దానిలో ఆర్సెనిక్ ఉన్న ఖనిజం ఉంటే ఆ పొగ విషం.

ఒరగల్లు:
టైలు మీద గీత అంటున్నారు. గీటురాయికి టైలు అని కొత్త పేరు పెట్టి నాకే పాఠం చెబుతున్నారు.

లెక్కల మాస్టారు:
మీ గీటురాయి నల్లది. నల్లరాతి మీద నల్ల గీత కనిపిస్తుందా, చెప్పండి.

ఒరగల్లు:
పసుపు గీత పడలేదంటే బంగారం కాదనే కదా, ఇంకేం కావాలి?

తిరుపతి విద్యార్థి:
మీరంతా ఒక సంగతి వదిలేస్తున్నారు. పైరైటు అయినంత మాత్రాన బంగారం లేనట్టు కాదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో కార్లిన్ వైపు కంటికి కనిపించని బంగారం పైరైటు లోపలే ఉంటుంది. సూదికీ టైలుకూ అది దొరకదు. ల్యాబ్‌లో కరిగించి పరీక్షిస్తేనే తేలుతుంది. పైగా ఈయన ఊరు జొన్నగిరి పక్కనే. పంపడమే మంచిది.

పలుగురాయి:
మీరు చెప్పింది నిజమే, కానీ ప్రశ్న మారిపోయింది. "ఈ పసుపు బంగారమా" అన్నది ఒకటి, "ఈ రాతిలో బంగారం జాడ ఉందా" అన్నది వేరొకటి. రెండోదానికి జవాబు అవునని వచ్చినా సీమబిడ్డ గారి జేబులోకి ఏమొస్తుందో చూడండి. 2020లో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో 3,000 టన్నుల బంగారం అని గోల జరిగితే, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ లెక్క సరిచేసింది: 52,806 టన్నుల ముడిరాతిలో టన్నుకు 3.03 గ్రాముల చొప్పున సుమారు 160 కిలోలు. ఆ లెక్కన 840 గ్రాముల రాతిలో రెండున్నర మిల్లీగ్రాములు. ల్యాబ్ ఫీజుకు సరిపోతుందా?

ఇంకొకటి. ల్యాబ్ చెప్పిందంటే వేదవాక్కు కాదు. 1576లో ఇంగ్లండు నావికుడు ఫ్రోబిషర్ కెనడాలోని బాఫిన్ ద్వీపం నుంచి నల్లరాయి తెచ్చాడు. పరీక్షించినవాళ్లలో కొందరు బంగారం లేదన్నారు, ఒకడు ఉందన్నాడు. ఉందన్నవాడి మాటే చెవికెక్కింది. తరువాతి రెండు ప్రయాణాల్లో వెయ్యి టన్నులకు పైగా రాయి మోసుకొచ్చారు. అంతా పనికిరానిదే. ఒకచోట ఉందని వస్తే రెండోచోట అడగాలి.

తిరుపతి విద్యార్థి:
అది 16వ శతాబ్దం. ఇప్పటి పరీక్షతో దానికి పోలిక ఏమిటి? మీరు రాయి ధర గురించి మాట్లాడుతున్నారు, నేను పొలం గురించి మాట్లాడుతున్నాను. పలుగురాయి తీగ (నేలలోని రాతిలో చారలా సాగే పొర) ఆ చేలోనే ఉంటే ఆ సంగతి తెలుసుకోవద్దా?

పలుగురాయి:
చేలో తీగ ఉందో, వాగులో కొట్టుకొచ్చిందో ముందు చూడమనండి. తీగ ఉంటే ఆ చోటు గుర్తు పెట్టుకుని, రాయి తీసుకెళ్లి అనంతపురం విశ్వవిద్యాలయం జియాలజీ విభాగంలోనో, హైదరాబాద్ బండ్లగూడలోని సర్వేక్షణ కార్యాలయంలోనో అడగవచ్చు. నగల దుకాణంలో క్యారెట్లు చూసే యంత్రం కింద మాత్రం పెట్టించకండి. అది నగల కోసం సరిచేసినది, రాతికి ఏ అంకె చూపినా నమ్మలేం.

లెక్కల మాస్టారు:
దళారి సంగతి ఎవరూ అడగలేదేమిటి? 20 వేలు ఇస్తాననడం వేరు, లెక్కపెట్టి చేతిలో పెట్టడం వేరు. ఎవరికీ చూపించకండి అన్నాడంటే, ఇంకెవరైనా చూస్తే తన మాట నిలవదనే.

సీమబిడ్డ:
మూల విరగ్గొట్టాను. లోపల కూడా పసుపే. సూది పెడితే పొడి రాలింది. టైలు మీద గీత నల్లగా, కొంచెం ఆకుపచ్చగా పడింది. చాకుతో గాటు పడలేదు. కాబట్టి పైరైటే అనుకుంటున్నాను. చేనంతా తిరిగాను, తీగలాంటిది కనిపించలేదు. రాయి వాగువైపు గట్టు దగ్గర దొరికింది.

దళారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. "అయినా 500 ఇస్తాను, ఇవ్వండి" అన్నాడు. మా నాన్న మళ్లీ అనుమానంలో పడ్డాడు.