పోకర్‌లో ఏకే (ఆసు-కింగ్) చేతిలో ఉంది, ఫ్లాప్‌లో ఏమీ తగల్లేదు: బెట్ వేయాలా, చెక్ చేయాలా?

కటాఫ్_సీను
అమెరికా కాసినోల్లో ఉండే 1/2 డాలర్ల నో-లిమిట్ హోల్డెమ్ టేబుల్ అనుకోండి. ఇద్దరి దగ్గరా 200 డాలర్లు. కటాఫ్‌లో (డీలర్ బటన్‌కి ముందు సీటు) ఇస్పేటు ఆసు, డైమండ్ కింగ్‌తో 10కి పెంచితే బిగ్ బ్లైండ్ (ముందే 2 డాలర్లు పెట్టాల్సినవాడు) ఒక్కడే కాల్ చేశాడు, అంటే అంతే పెట్టాడు. పాట్ (మధ్యలో చేరిన డబ్బు) 21. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు): కళావరు క్వీన్, ఆఠీను 7, ఇస్పేటు 2. అతను చెక్ చేశాడు, అంటే పందెం వేయకుండా వంతు నాకిచ్చాడు.

ఇక్కడ బెట్ వేస్తే అది బ్లఫ్ కిందికి వస్తుందా? ఎంత వేయాలి? ఇదే ఏకేకి 9-8-6 పడితే? ముగ్గురు కాల్ చేసి ఉంటే?

ముక్కల_లెక్క
ఫ్లాప్‌లో ఏకేకి జతో అంతకంటే మంచిదో తగిలేది దాదాపు 32 శాతం సార్లే. అంటే మూడింట రెండుసార్లు మీరు ఈ ప్రశ్న దగ్గరే ఆగుతారు. కాబట్టి అలవాటుకొద్దీ ఏదో ఒకటి చేసేయకుండా బోర్డు చూసి తేల్చుకోవాలి.

క్వీన్-7-2 మీద 7 డాలర్లు వేయండి, పాట్‌లో మూడో వంతు. 21 గెలవడానికి 7 పెడుతున్నారు. 28లో 7 అంటే అతను 25 శాతం సార్లు ఫోల్డ్ చేసినా (ముక్కలు వదిలేసినా) మీకు నష్టం ఉండదు. సగం పాట్‌కి ఇదే లెక్క 33 శాతం, మూడింట రెండొంతులకి 40, పూర్తి పాట్‌కి 50.

ఇక అతని దగ్గర ఏముంటుంది? ఆసుల జత, కింగుల జత, క్వీన్ల జత ఉంటే ఫ్లాప్‌కి ముందే తిరిగి పెంచేవాడు. 7-2తో అసలు ఆడడు. మిగిలినవాటిలో ఎక్కువ జాకీ-10, 9-8, ఆసు-5, కింగ్-జాకీ లాంటివి. వీటికి ఈ బోర్డు తగల్లేదు, ఇప్పటికి వీటన్నిటి మీదా మీదే పైచేయి. అందుకే దీన్ని పూర్తి బ్లఫ్ అనలేం. జాకీ-10 వాడికి రివర్ (చివరి, ఐదో ముక్క) దాకా ఉచితంగా చూపిస్తే దాదాపు నాలుగింట ఒకసారి మిమ్మల్ని దాటుతాడు. ఆ వాటాని 7 డాలర్లకి కొనేస్తున్నారన్నమాట.

చెక్-రెయిజ్ వస్తే (చెక్ చేసినవాడే మీ బెట్‌ని పెంచితే) వదిలేయండి, అక్కడ పంతం వద్దు.

బటన్_బాబాయ్
పై మాటతో ఏకీభవిస్తాను. కానీ 9-8-6కి దాన్ని అతికించొద్దు. ఆ బోర్డు బిగ్ బ్లైండ్ సొంత పొలం. 10-7, 7-5 స్ట్రెయిట్లు (వరసగా ఐదు ముక్కలు), 9-8, 8-6 రెండు జతలు, 6ల సెట్ (మూడు 6లు), ఇవన్నీ అతని దగ్గరే ఎక్కువ. మీకు మిగిలింది మూడు ఆసులు, మూడు కింగులు. టర్న్‌లో (నాలుగో ముక్కగా) వచ్చే అవకాశం మీకు కనబడని 47లో 6, అంటే 12.8 శాతం. రెండు ముక్కలూ చూస్తే 24 శాతం. మీరు బెట్ వేసి అతను రెయిజ్ చేస్తే ఆ 24 శాతం చూడకుండానే పారేసుకోవాలి. చెక్ చేస్తే టర్న్ ఉచితం.

బోర్డులో రెండు ఆఠీన్లుండి మీ ఆసు కూడా ఆఠీనే అయితే కొంచెం ఆలోచించొచ్చు. పెద్ద ఫ్లష్ డ్రా (ఒకే గుర్తు ఐదు ముక్కలకి ఒకటి తక్కువ) అతని దగ్గర ఉండదు, టర్న్‌లో ఆఠీను పడితే అది మీదవుతుంది.

తడి బోర్డులన్నీ (స్ట్రెయిట్, ఫ్లష్ అవకాశాలు ఎక్కువున్నవి) ఒకటి కాదు. జాకీ-10-4 పడితే క్వీన్లు నాలుగు కూడా కలుస్తాయి, మొత్తం 10 ముక్కలు, రివర్ దాకా 38 శాతం. అక్కడ సగం పాట్ పైన వేసినా తప్పులేదు.

ముగ్గురు కాల్ చేసి ఉంటే క్వీన్-7-2 మీద కూడా చెక్ చేయండి. పాట్ దాదాపు 40 ఉంటుంది. 20 వేస్తే ముగ్గురూ కలిసి ఫోల్డ్ చేయాల్సింది మూడింట ఒకసారి. వినడానికి తక్కువే, కానీ దానికి ఒక్కొక్కరూ విడివిడిగా 69 శాతం సార్లు వదలాలి. 1/2 టేబుల్లో అన్నిసార్లు ఎవడు వదులుతాడు?

రివర్_రాణి
7 డాలర్ల విషయంలో నా అభిప్రాయం వేరు. లైవ్‌లో దాన్ని చాలామంది బెట్‌గానే లెక్కచేయరు, ఆసు-5 కూడా కాల్ చేస్తుంది. ఎదుటివాడు అసలు ఫోల్డ్ చేయని రకమైతే రెండే దారులు: చెక్ చేసి చవగ్గా షోడౌన్‌కి (చివర్లో ముక్కలు చూపించే దాకా) వెళ్లడం, లేదా తగిలాక పెద్దగా వేయడం. మామూలు ఆటగాడైతే 12 వేయండి. 36 శాతం ఫోల్డ్ కావాలి, జాకీ-10, 9-8 నిజంగానే పోతాయి.

‘ఎక్కడున్నానో తెలుసుకుందామని’ మాత్రం బెట్ వేయొద్దు. కాల్ చేశాక కూడా తెలిసేది తక్కువే.

ముక్కల_లెక్క
@రివర్_రాణి గారూ, ఆసు-5 కాల్ చేస్తే మనకి లాభమే కదండీ, అతనికున్నవి మూడు 5లే. అయినా అస్సలు వదలని వాడి మీద చెక్ అన్నదానికి ఒప్పుకుంటాను.

కటాఫ్_సీను
సరే, 7 వేశాను, కాల్ చేశాడు అనుకుందాం. పాట్ 35. టర్న్‌లో? అసలు ఫ్లాప్‌లో చెక్ చేసి ఉంటే?

బటన్_బాబాయ్
ఆసో కింగో వస్తే 20–25 వేయండి, జత క్వీన్ పట్టుకున్నవాడు ఇస్తాడు. జాకీ లేదా 10 వస్తే మీకు గట్‌షాట్ (ఒకే అంకె ముక్కతో అయ్యే స్ట్రెయిట్ అవకాశం) కలిసి 10 ముక్కలు, 46లో 10 అంటే దాదాపు 22 శాతం. రెండో బెట్‌కి ఇవే మంచి ముక్కలు, అదే 20–25. కాకపోతే ఆ పదీ పూర్తిగా మీవి కావు. అతని దగ్గర కింగ్-క్వీన్ ఉంటే వచ్చిన కింగ్ అతనికి రెండు జతలు చేస్తుంది. 3, 4 లాంటి ఖాళీ ముక్క పడితే చెక్, ఎక్కువసార్లు ఆట అక్కడికి చాలు.

ఫ్లాప్‌లో చెక్ చేశాక టర్న్‌లో 3 పడి అతను 21లోకి 10 వేశాడనుకోండి. కాల్‌కి 41లో 10, అంటే 24 శాతం కావాలి. ముక్కలు ఇచ్చేది 13 శాతమే, మిగతాది అతని బ్లఫ్‌ల నుంచి రావాలి. టేబుల్ మీద ఊరికే బెట్ వేసే రకమైతే ఒకసారి కాల్ చేయండి. గంటసేపు మూటగట్టుకుని కూర్చున్న పెద్దాయన వేస్తే ఫోల్డ్.

మోడరేటర్
ఇండియాలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ టేబుళ్లు ఏవి బాగుంటాయని ఈ దారంలో అడగొద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, కేంద్ర చట్టం 2025లో వచ్చింది. చేతుల చర్చ కొనసాగించండి.