తెలుగు పత్రిక సైటుకి హ్యూగోనా, జాంగోనా?

కృష్ణలంక_కుర్రాడు
నెలకో సంచిక. పాతవన్నీ కలిపి 600 పేజీలు. పాఠకులకి లాగిన్ అక్కర్లేదు కానీ వ్యాఖ్యలు, సెర్చ్ ఉండాలి. సంపాదకులు ఇద్దరికీ గిట్ (ఫైళ్ల మార్పులన్నీ దాచే పరికరం) రాదు. హ్యూగో పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టేది (స్టాటిక్), జాంగో పైథాన్‌లో రాసింది, అడిగినప్పుడల్లా డేటాబేస్ నుంచి పేజీ కట్టేది. ఏది ఎంచుకోవాలి?

టెర్మినల్_తాత
ముందు ఒకటి తేల్చుకోండి: పేజీ అందరికీ ఒకేలా కనిపిస్తుందా? అయితే చదివిన ప్రతివాడి కోసం డేటాబేస్‌ని కదిలించడం దండగ. 600 పేజీలు హ్యూగోకి ఓ లెక్కా, సెకన్లలో బిల్డ్ అయిపోతుంది, అంటే పేజీలన్నీ తయారు. గిట్ ఫైళ్లు ఉంచే గిట్‌హబ్ సైటు వాళ్ల పేజెస్ సేవలో ఉచితంగా పెట్టుకోవచ్చు. సైటు మాత్రం 1 జీబీ దాటకూడదు, కాబట్టి స్కాన్ చేసిన పాత సంచికల పీడీఎఫ్‌లు వేరేచోట ఉంచండి.

కామా_ఫుల్‌స్టాప్
హ్యూగోలో తేదీతో జాగ్రత్త. ఉదయం 09:00 అని రాసి టైమ్‌జోన్ ఇవ్వకపోతే దాన్ని యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) అనుకుంటుంది, అంటే మనకి మధ్యాహ్నం 2:30. అంతకుముందు బిల్డ్ చేస్తే ఆ పేజీని భవిష్యత్తుదిగా లెక్కేసి వదిలేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. 2:30 దాటాక తనంతట తనే వస్తుందనీ అనుకోవద్దు, మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. తేదీ చివర +05:30 పెట్టండి, లేదా కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతా చేయండి.

సర్వర్_సుబ్బి
గిట్ రానివాళ్లకి జాంగో అడ్మిన్ (బ్రౌజర్‌లోనే రాసి సేవ్ చేసే పేజీ) తయారుగా ఉంటుంది, అది చిన్న విషయం కాదు. హ్యూగోకి డీకాప్ సీఎంఎస్ (బ్రౌజర్‌లో రాసింది గిట్‌లోకి సేవ్ చేసేది) తగిలించొచ్చు గానీ, గిట్‌హబ్ లాగిన్ నడవాలంటే మధ్యలో లాగిన్‌ని ధ్రువీకరించే చిన్న ఓఆథ్ సర్వర్ కావాలి. సర్వర్ వద్దనుకునే కదా స్టాటిక్‌కి వచ్చింది!

జాంగో అయితే తెలుగు శీర్షికలు ముంచుతాయి. శీర్షిక నుంచి స్లగ్ (యూఆర్‌ఎల్ చివర వచ్చే పేరు) తయారుచేసే స్లగిఫై మామూలుగా తెలుగంతా తీసేసి ఖాళీ స్లగ్ ఇస్తుంది. యూనికోడ్ అనుమతిస్తే ఇంకా తమాషా: గుణింతాలు, సున్నా, పొల్లు అన్నీ ఎగిరిపోతాయి. పైథాన్ రెగెక్స్ (అక్షరాల నమూనా వెతికే పద్ధతి) వాటిని అక్షరాలుగా గుర్తించదు. ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అవుతుంది. ‘కలం’, ‘కాలం’, ‘కీలు’ మూడూ ‘కల’ అయి కూర్చుంటాయి, స్లగ్ యునీక్ (మళ్లీ అదే రాకూడదు) అని పెట్టి ఉంటే రెండోది సేవ్ కాదు. పైగా యూఆర్‌ఎల్‌లో స్లగ్ కన్వర్టర్ ఇంగ్లిష్ అక్షరాలే తీసుకుంటుంది, తెలుగు స్లగ్‌కి 404 వస్తుంది.

కామా_ఫుల్‌స్టాప్
అందుకే ఏది వాడినా స్లగ్‌ని ఇంగ్లిష్ లిపిలో చేత్తో రాయడమే మేలు సుబ్బి గారూ. ‘తెలుగు’లో 6 యూనికోడ్ అంశాలు, ఒక్కోటి 3 బైట్లు, ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులు. వాట్సాప్‌లో లింకు అతికిస్తే ఆ ఒక్క మాటే 54 గుర్తుల తోక.

టెర్మినల్_తాత
సెర్చ్ కోసమే జాంగోకి వెళ్లకండి. జాంగోతో వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో తమిళానికి, హిందీకి స్టెమర్ (మాట మూలరూపం తీసేది) ఉంది, తెలుగుకి లేదు. ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’ రాదు. ట్రైగ్రామ్ (మూడేసి అక్షరాల) పోలికతో కొంత నెట్టుకురావచ్చు. స్టాటిక్ వైపు పేజ్‌ఫైండ్ అనే సెర్చ్ పరికరం బ్రౌజర్‌లోనే వెతుకుతుంది, విభక్తుల గొడవ అక్కడా అంతే.

సర్వర్_సుబ్బి
ఇక వ్యాఖ్యలు. గిస్కస్ అనే వ్యాఖ్యల పెట్టె ఉచితమే కానీ రాసేవాడికి గిట్‌హబ్ ఖాతా ఉండాలి, కథలు చదివేవాళ్లలో ఎంతమందికి ఉంటుంది? మన సర్వర్‌లోనే నడుపుకునే ఇస్సో అయితే పేరు రాసి వ్యాఖ్య పెట్టేయొచ్చు. వ్యాఖ్యలు దాచడానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు ఒక్కటే, చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) చాలు. అది పడిపోయినా పత్రిక పేజీలు తెరుచుకుంటాయి, వ్యాఖ్యల పెట్టె మాత్రం కనబడదు.

కృష్ణలంక_కుర్రాడు
అంటే హ్యూగో, పక్కన ఇస్సో. ఆ వీపీఎస్ ఎలాగూ ఉంటుంది కాబట్టి డీకాప్‌కి కావాల్సిన ఓఆథ్ కూడా దాంట్లోనే పెట్టొచ్చా?

సర్వర్_సుబ్బి
పెట్టొచ్చు. ఇద్దరు సంపాదకులకీ సైటు ఫైళ్లుండే గిట్‌హబ్ రిపోలో రాసే అనుమతి ఇవ్వడం మర్చిపోకండి, లేకపోతే డీకాప్ లోపలికే రానివ్వదు. ఎస్‌క్యూలైట్ ఫైలుకి రోజూ బ్యాకప్ వేరే మెషీన్‌కి పంపండి. వేరేచోట ఉంచిన పీడీఎఫ్‌లు తప్ప పత్రిక రాతలన్నీ గిట్‌లోనే ఉంటాయి.