ఆక్సిజన్‌లో ఉక్కు మండే తీరు: మీరు చూసినవి చెప్పండి

కటింగ్ షెడ్డు:
మొన్న 40 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటును గ్యాస్ టార్చ్‌తో (మంటతో, ఆక్సిజన్ ధారతో లోహాన్ని కోసే పరికరం) కోస్తూ, మధ్యలో మంటకు ఇంధనమైన ఎసిటిలిన్ వాయువు వాల్వు కట్టేసి చూశాను. మంట ఆరిపోయినా, ఆక్సిజన్ వదిలే లివర్ నొక్కి ఉంచితే ఉత్త ఆక్సిజన్ ధారతోనే కోత మరో రెండు అంగుళాలు సాగింది. అప్పుడు అక్కడ మండినది ఏమిటి?

రసాయనశాస్త్రం టీచర్:
ఉక్కే మండిందండీ. సుమారు 900 డిగ్రీలకు వేడెక్కిన ఇనుముకు స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలితే, ఆ చర్యలో పుట్టే వేడే పక్కనున్న లోహాన్ని మండే స్థితికి తెస్తుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి, మిగిలిన నైట్రోజన్ ఆ వేడిని చాలావరకు లాగేసుకుంటుంది. మా తరగతిలో ఆక్సిజన్ నింపిన గాజు జాడీలోకి పాత్రలు తోమే ఇనుప పీచును అంటించి దించుతాను. కళ్లు మిరుమిట్లు గొలిపే నిప్పురవ్వలు చిమ్మి, చివరికి నల్లటి పూసలు రాలతాయి. ఒకసారి అడుగున ఇసుక పోయడం మరచిపోతే, ఒక పూస గాజులోకి దిగబడి జాడీ పగిలింది.

ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని ఆక్సైడు అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది. అందువల్ల స్లాగ్ (కరిగిన ఆక్సైడు మడ్డి) జారిపోయి, ధారకు కొత్త లోహం దొరుకుతూనే ఉంటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగినా, దాని ఆక్సైడు 2072 డిగ్రీల వరకూ గట్టి పొరగా నిలుస్తుంది కనుక మీ టార్చ్ దానిని కోయలేదు.

ఆక్సిజన్ లైన్ మెయింటెనెన్స్:
ఆ పొరను నమ్ముకోవద్దని నా మనవి. అధిక పీడన ఆక్సిజన్‌లో ఒకసారి అంటుకుందంటే, అల్యూమినియం గ్రాముకు ఇనుము కంటే దాదాపు నాలుగు రెట్ల వేడినిస్తుంది. అమెరికాలో వైద్య ఆక్సిజన్ సిలిండర్లకు బిగించిన అల్యూమినియం రెగ్యులేటర్లు (పీడనాన్ని తగ్గించి వాయువును వదిలే పరికరాలు) కాలిపోవడంతో, 1999లో అక్కడి ప్రభుత్వ సంస్థలు ఇత్తడివి వాడమని సూచించాయి. దాదాపు 150 బార్ల (మన చుట్టూ ఉన్న గాలికి సుమారు 150 రెట్ల) పీడనంలో ఉన్న సిలిండర్ వాల్వును ఒక్కసారిగా తిప్పితే, రెగ్యులేటర్‌లోని వాయువు క్షణంలో నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. లోపల చుక్క నూనెగానీ గ్రీజుగానీ ఉంటే ముందు అది అంటుకుంటుంది, ఆ తర్వాత సీలు, దాని నుంచి లోహం. నేను విప్పి చూసిన ఒక రెగ్యులేటర్‌లో సీలు మసైపోయింది, చుట్టూ ఉన్న ఇత్తడి మాత్రం నల్లబడిందే తప్ప కరగలేదు.

కటింగ్ షెడ్డు:
మా కుర్రవాడు నిన్ననే రెగ్యులేటర్ మరలకు గ్రీజు రాశాడు. వెంటనే దానిని పక్కన పెట్టిస్తున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు తెగకపోవడానికీ అలాంటి ఆక్సైడు పొరే కారణమా?

రసాయనశాస్త్రం టీచర్:
అవునండీ, అందులోనిది క్రోమియం ఆక్సైడు. ధారలోకి ఇనుప పొడి వదిలితే, అది మండిన వేడికి ఆ పొర కరిగి ప్లేటు తెగుతుంది. ప్లాస్మా కటింగ్ యంత్రం (విద్యుత్తుతో విపరీతంగా వేడెక్కిన వాయు ధారతో కోసేది) ఉంటే ఈ తంటా అక్కరలేదు.