ఎంపీకి ఏడాదికో ప్రోగ్రెస్ కార్డు: హాజరు, ప్రశ్నల లెక్కతో పనితీరు తెలుస్తుందా?

కాలనీ కబురు
మా కాలనీ సంఘం తరఫున ప్రతి ఉగాదికి నాలుగు పేజీల చిన్న పత్రిక వేస్తాం. ఈసారి ఒక పేజీలో మా ఎంపీ గారి ఏడాది పనితీరు పెడదామని నేనే అన్నాను. పార్లమెంటు పనితీరుని గమనించే పీఆర్ఎస్ సంస్థ వాళ్ల సైట్లో ప్రతి ఎంపీకీ నాలుగు అంకెలు ఉంటాయి కదా, హాజరు శాతం, పాల్గొన్న చర్చలు, అడిగిన ప్రశ్నలు, పెట్టిన ప్రైవేటు బిల్లులు (ప్రభుత్వం తరఫున కాకుండా ఎంపీ సొంతంగా పెట్టేవి). పక్కనే దేశ సగటు, రాష్ట్ర సగటు కూడా ఇస్తారు. నాలుగూ కలిపి వందకి ఇన్ని మార్కులు అని వేసేద్దామని నా ప్లాను. సంఘంలో సగం మంది భేష్ అన్నారు, మిగతా సగం మంది ఇది అన్యాయం అన్నారు, మీటింగులో టీలు చల్లారిపోయాయి గానీ విషయం తేలలేదు. మీరేమంటారు?

పాలమూరు పిల్లగాడు
ఇందులో అన్యాయం ఏముంది అన్నా? వెయ్యండి మార్కులు. 2025లో ఎంపీల జీతం నెలకి లక్షా 24 వేలు చేశారు. సమావేశాలప్పుడు రిజిస్టర్లో సంతకం పెడితే రోజుకి 2,500 అదనం. నేను పనిచేసే చోట మూడు రోజులు లేటైతే ఒక రోజు జీతం కోత, కారణం చెప్పినా వినరు. వాళ్లకి మాత్రం లెక్క అడిగితే అన్యాయమా? సచిన్ టెండూల్కర్, రేఖ ఆరేళ్లు రాజ్యసభలో ఉన్నారు, ఇద్దరి హాజరూ పది శాతం కూడా లేదు. ఈ అంకెలు బయటికి రాబట్టే కదా దేశమంతా మాట్లాడుకుంది, లేకపోతే ఎవరికి తెలిసేది?

నెల్లూరు చేపల పులుసు
పిల్లగాడూ, సచిన్ సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నా. మా జిల్లాలో గూడూరు దగ్గర పుట్టంరాజు కండ్రిగ అనే చిన్న ఊరిని దత్తత తీసుకున్నది ఆయనే, 2014లో వచ్చి చూసి వెళ్లాడు, రోడ్లు, మురుగు కాలవలు బాగుపడ్డాయి. జీతం, అలవెన్సులు మొత్తం పీఎం సహాయ నిధికి ఇచ్చేశాడు. నీ కార్డులో ఆయన ఫెయిలు. ఆ ఊళ్లో అడుగు, ఎన్ని మార్కులు వేస్తారో.

పాలమూరు పిల్లగాడు
మంచిదే బ్రదర్, కాదనను. కానీ మురుగు కాలవ తవ్వించడానికి పంచాయతీ ఉంది, కలెక్టర్ ఉన్నాడు. చట్టం చెయ్యడానికి మాత్రం ఎంపీ తప్ప ఇంకెవరూ లేరు. ఆ కుర్చీలో కూర్చోనప్పుడు వేరేవి ఎన్ని చేసినా ఆ పని చేసినట్టు కాదు.

లెక్కల మాస్టారు
పిల్లగాడి కోపం అర్థమైంది, ఆ కోపం నాకూ ఉంది. నా అభ్యంతరం మార్కులు వెయ్యడం మీద కాదు, దేన్ని కొలుస్తున్నాం అన్నదాని మీద. ఒక్కొక్కటీ చూద్దాం.

హాజరు అంటే ఆ రోజు రిజిస్టర్లో సంతకం ఉందా లేదా, అంతే. పొద్దున సంతకం పెట్టి ఐదు నిమిషాల్లో కారెక్కినవాడికీ, రాత్రి సభ ముగిసేదాకా కూర్చున్నవాడికీ ఒకటే గీత. ఇంకా విచిత్రం ఏమిటంటే మంత్రులు ఆ రిజిస్టర్లో సంతకం పెట్టరు, ప్రతిపక్ష నాయకుడూ పెట్టడు, స్పీకరూ పెట్టడు. మంత్రి ప్రశ్న అడగడు, జవాబు చెప్తాడు. కాబట్టి మీ ఎంపీ మంత్రి అయితే పేజీ మొత్తం ఖాళీ. అమలాపురం బాలయోగి గారు 1998 నుంచి 2002లో పోయేదాకా లోక్‌సభ స్పీకరు. ఆ కాలానికి మీ పద్ధతిలో కార్డు వేస్తే ఆయన అడిగిన ప్రశ్నలు సున్నా, పెట్టిన బిల్లులు సున్నా. అలా అని ఆయన పని చెయ్యలేదందామా?

చర్చల లెక్క ఇంకో తమాషా. ఒక బిల్లు మీద ముప్పావు గంట, సెక్షన్ల వారీగా చదువుకొచ్చి మాట్లాడినా ఒకటే, జీరో అవర్లో లేచి మా ఊళ్లో రైలు ఆపండి అని ఒక్క నిమిషం మాట్లాడి కూర్చున్నా ఒకటే. పైగా బిల్లు మీద మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు, పార్టీలో ఎవరు మాట్లాడాలో పార్టీయే పేర్లిస్తుంది. పెద్ద పార్టీలో వెనక బెంచీ ఎంపీకి ఏడాదంతా వంతు రాకపోవచ్చు, చిన్న పార్టీలో ఇద్దరే ఎంపీలుంటే వాళ్లకి రెండు మూడు నిమిషాలే దొరికినా ప్రతి బిల్లు మీదా దొరుకుతుంది. నీ అంకెలో కనిపించేది పార్టీ సైజా, మనిషి చురుకా?

స్థాయీ సంఘాలు (శాఖల వారీగా ఎంపీల కమిటీలు) ఉన్నాయి చూడండి, 24 ఉన్నాయి, అసలు బిల్లుని అక్షరం అక్షరం విప్పి చూసేది అక్కడే. ఆ సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, నాలుగు అంకెల్లో వాటికి చోటే లేదు.

సౌత్ అవెన్యూ
ప్రశ్నల గురించి మాస్టారు వదిలేశారు, నేను చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఢిల్లీలో ఒక ఎంపీ గారి ఆఫీసులో పనిచేశాను (పేరు అడక్కండి, ఇప్పుడు కూడా పదవిలో ఉన్నారు). లోక్‌సభలో రోజుకి 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేనివి, లాటరీ తీసి ఎంపిక చేస్తారు. స్టార్ ఉన్నవాటికి మంత్రి సభలో నోటితో చెప్పాలి, లేనివాటికి కాగితం మీద జవాబు వస్తుంది. ఒక సభ్యుడు రోజుకి ఐదు నోటీసులు ఇవ్వొచ్చు. కాబట్టి ప్రశ్నల సంఖ్య పెంచాలంటే తెలివి అక్కర్లేదు, క్రమం తప్పకుండా నోటీసులు పడేసే ఒక కుర్రాడు చాలు. ఆ కుర్రాణ్ణి నేనే.

రూపం ఎప్పుడూ ఒకటే. (అ) ఫలానా పథకం కింద నిధులు ఆలస్యమవుతున్న మాట ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, (ఆ) వచ్చి ఉంటే రాష్ట్రాల వారీగా వివరాలేమిటి, (ఇ) రాకపోతే కారణాలేమిటి. పథకం పేరు మార్చుకుంటూ పోవడమే. పక్క ఎంపీ ఆఫీసు కుర్రాడూ పొద్దున అదే పేపరు చదువుతాడు, అదే ప్రశ్న రాస్తాడు. ఒకేలాంటివి వస్తే వాటిని కలిపి ఒకే జవాబు ఇస్తారు, పైన పది పేర్లున్నా సరే, అందరి ఖాతాలోనూ ఒక్కొక్కటి పడుతుంది. జవాబు ఏమొస్తుందంటే, చాలాసార్లు, "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం". అలా ఇచ్చిన హామీలు నెరవేర్చారా లేదా అని చూడ్డానికి విడిగా ఒక కమిటీయే ఉంది.

ఇంకోటి మర్చిపోకండి, 2005 డిసెంబర్లో డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగారని 11 మంది ఎంపీలని బహిష్కరించారు. కెమెరాకి చిక్కారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ప్రశ్నలన్నీ కార్డులో మార్కులే.

పాలమూరు పిల్లగాడు
సరే, కుర్రాడే రాశాడు అనుకుందాం. జవాబు మీద సంతకం మంత్రిది కదా? "కేంద్రం లోక్‌సభలో వెల్లడించింది" అని రోజూ పేపర్లో వచ్చే వార్తల్లో చాలావాటికి మూలం ఈ స్టార్ లేని ప్రశ్నలే. మన రాష్ట్రానికి ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని పోస్టులు ఖాళీ, ఎన్ని కిలోమీటర్ల లైను వేశారు, అన్నీ అట్లా బయటపడినవే. ఏ కుర్రాడు రాస్తే నాకేంటి. ఐదేళ్లలో సున్నా ప్రశ్నలు అడిగిన ఎంపీకీ, రెండొందలు అడిగిన ఎంపీకీ తేడా లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. పోయిన లోక్‌సభలో సగటు 210 ప్రశ్నలు. సగటులో పదో వంతు కూడా లేనివాళ్లని ఎందుకు అడక్కూడదు?

సౌత్ అవెన్యూ
సున్నా అయితే అడగాలి, అందులో వాదం లేదు. నేను అనేది నాలుగొందలు అడిగినవాణ్ణి రెండొందలు అడిగినవాడికంటే రెట్టింపు గొప్ప అనొద్దని.

డల్లాస్ బాబాయ్
ఇక్కడ అమెరికాలో ఈ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. గవ్‌ట్రాక్ అని ఒక సైటు ఉంది, కాంగ్రెస్ సభ్యులకి ఏడాదికొక రిపోర్ట్ కార్డు ఇచ్చేది, ఎన్ని బిల్లులు పెట్టారు, ఎన్ని కమిటీ దాటాయి, ఎన్ని ఓట్లు ఎగ్గొట్టారు, సిద్ధాంతపరంగా ఎటువైపు ఉన్నారు, అన్నిటికీ ర్యాంకులు. తర్వాత వాళ్లే ఏడాది కార్డులు మానేసి, రెండేళ్ల కాంగ్రెస్ మొత్తానికి కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. 2024 ఎన్నికలప్పుడు కమలా హారిస్ మీద 2019 నాటి పాత కార్డు, సెనేట్ మొత్తంలో అందరికన్నా లిబరల్ అన్న ర్యాంకు, దాన్ని తవ్వి తీశారు. చూస్తే పేజీ లేదు. దాచేశారని ఒకటే గోల. ఒక్క ఏడాది డేటాతో సభ్యుల పని మీద నమ్మదగ్గ చిత్రం రాదని ఎప్పుడో ఆపేశామని సైటువాళ్లు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ర్యాంకు కూడా ఓట్లని బట్టి ఇచ్చింది కాదు, ఎవరి బిల్లుకి ఎవరు మద్దతు సంతకం చేశారన్నదాన్ని బట్టి లెక్కగట్టింది. ఇది ఎంతమంది చదివి ఉంటారు?

అయినా ఇక్కడ ఒక సుఖం ఉంది, ముఖ్యమైన ఓట్లన్నీ పేరుపేరునా రికార్డవుతాయి. మనకి ఆ గతి కూడా లేదు. మూజువాణి ఓటు, "అవును అనేవాళ్లు అవును అనండి", అయిపోయింది. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో ఎలా పాసైందో గుర్తుందా? ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, మూజువాణితో ముగించారు. తెలుగువాళ్ల మీద అంతకు మించిన చట్టం ఈ మధ్య కాలంలో రాలేదు, ఆ బిల్లు పాసవ్వాలని ఎవరు అన్నారో వద్దని ఎవరు అన్నారో ఓటు లెక్క లేదు. హాజరు లెక్క మాత్రం భద్రంగా ఉంటుంది!

లెక్కల మాస్టారు
బాబాయ్ గారూ, బాగా గుర్తు చేశారు. ఓటు లెక్క ఉన్నా విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం) ఉంటే ఏం లాభం అన్నది ఇంకో ప్రశ్న, 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ చెప్పినట్టు వెయ్యకపోతే పదవే పోతుంది. కానీ ఒక్కోసారి ఒక్క ఓటే దేశాన్ని తిప్పేస్తుంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270తో పడిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిపోయిన గిరిధర్ గమాంగ్ ఎంపీ పదవి వదలకుండా వచ్చి ఓటేశారు, ఆయన ఓటు సంగతి స్పీకరు ఆయన మనస్సాక్షికే వదిలేశారు. ఆ ఏడాది గమాంగ్ గారి కార్డులో ఏం రాస్తారు?

ఏడాది లెక్కలో ఇంకో చిక్కుంది. 2020లో పార్లమెంటు కూర్చున్నదే 33 రోజులు, శీతాకాల సమావేశాలే లేవు, సెప్టెంబర్‌లో ప్రశ్నోత్తరాల సమయమే ఎత్తేశారు. పది రోజులు జ్వరంతో మంచం పట్టిన ఎంపీకి 30 శాతం హాజరు పోయినట్టే. సభ ఎన్ని రోజులు పెట్టాలో తేల్చేది ప్రభుత్వం, మార్కులు పోయేది సభ్యుడికి.

బెజవాడ సుజాత
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. రానివాళ్లలో రాలేనివాళ్లు, రానివ్వనివాళ్లు, రామని చెప్పినవాళ్లు అని రకాలున్నారు. 2023 డిసెంబర్లో రెండు సభల్లో కలిపి 146 మందిని సస్పెండ్ చేశారు, సభలోకే వెళ్లలేనివాళ్లు సంతకం ఎక్కడ పెడతారు? మన దగ్గర చూస్తే బహిష్కరణ ఒక సంప్రదాయమే అయిపోయింది. 2017 చివర్లో వైసీపీ అసెంబ్లీకి రామంది. 2021 నవంబర్లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చెప్పి వెళ్లిపోయారు. 2024 తర్వాత మళ్లీ వైసీపీ రామంది. ఒక్కొక్కరి వైపు వాళ్ల కారణం ఉంది, దాన్ని నిరసన అనాలా ఎగవేత అనాలా అన్నది ఎవరి అభిమానాన్ని బట్టి వాళ్లు చెప్తారు. అంకె చెప్పదు.

నా మటుకు నేను, కారణం ఏదైనా సరే జనానికి చెప్పి తీరాలంటాను. అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే సీటు ఖాళీ అని ప్రకటించొచ్చని రాజ్యాంగంలో 190వ అధికరణం ఉంది. కానీ సభ నాలుగు రోజులకి మించి వాయిదా పడిన కాలం లెక్కలోకి రాదు. అసెంబ్లీలు ఏడాదికి కూర్చునేదే ఇరవై రోజుల అటూ ఇటూ అయితే ఆ 60 నిండేది ఎప్పుడు? అసలు ఎంపీల లెక్క ఒక్క క్లిక్కులో దొరుకుతుంది, మన ఎమ్మెల్యేలవి ఆ మాత్రం కూడా తేలిగ్గా దొరకవు. కాలనీ గారూ, మీ పేజీలో దాని గురించి రెండు లైన్లు రాయండి.

సింహపురి సింహం
చంద్రబాబుని అన్నారు సరే, మీ వాళ్లు చేసింది ఏంటో...

కాలనీ కబురు
అయ్యా, ఆ గొడవకి వేరే చర్చలు బోలెడున్నాయి, ఇక్కడ వద్దు. సుజాత గారు ఇద్దరి పేర్లూ చెప్పారు, మళ్లీ చదవండి.

సౌత్ అవెన్యూ
ప్రైవేటు బిల్లుల గడి ఒకటి మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు వాటికి. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటిదాకా చట్టమైనవి 14, ఆఖరుది 1970లో. అందుకని ఇది దండగ అనేస్తారు, నేను అనను. తమిళనాడు ఎంపీ తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లు పెట్టి 2015లో రాజ్యసభ చేత ఒప్పించారు. లోక్‌సభలో ఆగిపోయింది, కానీ ప్రభుత్వం తన బిల్లు తెచ్చుకోక తప్పలేదు, 2019లో చట్టమైంది (ఆ చట్టం ఆయన అడిగినట్టు లేదు, అది వేరే సంగతి). మీ పట్టికలో అది "1". ఏదో ఊరి పేరు మార్చమని పెట్టి, చర్చకే రాని బిల్లు కూడా "1".

కాలనీ కబురు
అందరికీ దండాలు. ప్రింటింగుకి టైం దగ్గరపడింది, టెన్షన్ మొదలైంది, కాబట్టి నేను తేల్చుకున్నది ఇది. వందకి మార్కులు తీసేస్తున్నా. హాజరు వేస్తాను, కానీ సభ ఎన్ని రోజులు జరిగింది, రాని రోజులకి ఎంపీ ఆఫీసు ఏం చెప్పింది అన్నది పక్కనే ఉంటుంది, జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదని వేస్తాను. ఏడాదికి కాకుండా గెలిచిన దగ్గర్నుంచి లెక్క. ప్రశ్నల సంఖ్య బదులు మన జిల్లా పేరున్న ప్రశ్నలు ఏరి, జవాబుతో సహా తెలుగులో పెడతాను. రాత్రి కూర్చుని చూశా, చాలావాటిలో మన జిల్లా ఊసే లేదు. ఒకటి మాత్రం మన రైల్వే గేటు దగ్గర వంతెన గురించి, జవాబు "పరిశీలనలో ఉంది". మా కోశాధికారి గారు మాత్రం మార్కులు లేకపోతే ఎవడు చదువుతాడు, పకోడీల పొట్లం కట్టుకుంటారు అంటున్నారు.

పాలమూరు పిల్లగాడు
ఆయన చెప్పిందే కరెక్టు. మార్కులు పెద్ద అక్షరాల్లో వెయ్యండి అన్నా, ఈ వివరాలన్నీ కింద చిన్న అక్షరాల్లో పెట్టుకోండి. ఎంపీ గారి మనుషులు కొట్లాటకి వస్తే అప్పుడు వంతెన సంగతి అడుగుదురు గానీ.

లెక్కల మాస్టారు
వస్తారు. ఆ మార్కులు ఎలా వేశావని అడుగుతారు, అప్పుడు నువ్వొచ్చి చెప్తావా పిల్లగాడూ?